పుండులో పురుగుల మందులు: ఏది అడుగు దాకా వెళ్తుంది, ఏది పైనే ఆగిపోతుంది

పశువు పుండులో పురుగులు పడితే చేతికి అందే మందులు ముఖ్యంగా నాలుగు: టర్పెంటైన్ నూనె, చల్లే పొడి, డబ్బా స్ప్రే, చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్. గొర్రెలకైతే ఊలు మీద ముందుగానే చల్లి ఉంచే మందు ఇంకొకటి ఉంది. చాలావాటి మీద పురుగుల్ని చంపుతుందనే రాసి ఉంటుంది, అందులో అబద్ధం లేదు. గిన్నెలో పది పురుగులు వేసి వీటిలో చాలా మందులు పోస్తే చస్తాయి. కానీ పుండు సంగతి వేరు. మూతి బొటనవేలు పట్టేంతే ఉంటుంది, లోపల గుప్పెడు పట్టే గుంత ఉంటుంది. అందుకే ఇక్కడ ప్రతి మందునూ రెండే ప్రశ్నలతో చూశాం. పురుగు ఉన్న చోటికి మందు చేరుతుందా? చేరాక పురుగు బయటికి వస్తుందా?

మందు సంగతి తర్వాత, ముందు పుండు చూడండి. చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పున వెంట్రుకలు కత్తిరించి, టార్చి ఏటవాలుగా పట్టి, రెండు నిమిషాలు కదలకుండా ఉండండి. ఎర్రటి నీరు నిండిన గుంతలో అన్నం ఉడుకుతున్నట్టు సన్నటి కదలిక మొదలవుతుంది. ఇంకా దగ్గరగా చూస్తే తెల్లటి గుండ్రటి కొసలు ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుని కనిపిస్తాయి. ఒక్కో కొస మీద రెండు గోధుమరంగు చుక్కలు. చాలామంది వాటిని కళ్ళనుకుంటారు. అది తోక. ఆ చుక్కలు ఊపిరి రంధ్రాలు. తల కింద మాంసంలో ఉంది. నోటి కొక్కేలతో కండ చీల్చుకుంటూ తలకిందులుగా తింటూ, తోక మాత్రం గాలికి అందేలా పైన పెట్టుకుంటుంది. నీళ్ళు పోసినా, వేలు తగిలినా తోక లోపలికి లాగేసుకుంటుంది. అప్పుడు పుండు శుభ్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కడిగేశాం, పురుగుల్లేవు అని పైన మందు పూసి వదిలేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

ఈ పురుగు తల్లి ఎవరో తెలిస్తే మందు ఎంపిక తేలికవుతుంది. చచ్చిన, కుళ్ళిన కండ దగ్గరికి వచ్చే ఈగలు చాలా ఉన్నాయి. పిల్లలకు ప్రాణమున్న కండ తప్ప వేరే తిండి లేని ఈగలు ముఖ్యంగా రెండు. ఆసియా, ఆఫ్రికాల్లో క్రైసోమియా బెజియానా, అమెరికా ఖండాల్లో కాక్లియోమియా హోమినివోరాక్స్. రెండింటి పురుగునూ స్క్రూవార్మ్ అంటారు. ఒంటి చుట్టూ వరుసలు కట్టిన ముళ్ళ వల్ల అది మరమేకులా ఉంటుంది. లాగితే తేలిగ్గా రాకపోవడానికీ ఆ ముళ్ళూ నోటి కొక్కేలే కారణం. తల్లి ఈగ గుడ్లను పుండు లోపల కాకుండా అంచు మీద, పొడిగా ఉన్న చోట పెడుతుంది. అవి ఇంటి కప్పు పెంకుల్లా ఒకే దిక్కుకు తిరిగి అంటుకుని ఉంటాయి. ఒక్కో విడతలో వందకు పైనే, ఒక్కోసారి మూడు వందల దాకా. 12 నుంచి 24 గంటల్లో పిల్లలు బయటపడి గుంతలోకి దిగుతాయి. ఐదు నుంచి ఏడు రోజులు తిని, 15 మిల్లీమీటర్లు దాటి పెరిగి, నేల మీదికి రాలి మట్టిలో దూరి గూడు కట్టుకుంటాయి. వెచ్చటి వాతావరణంలో వారానికి ఈగ బయటికొస్తుంది, చలి ఉంటే వారాలు పడుతుంది. పురుగులున్న పుండు వాసన కొత్త ఈగల్ని రప్పిస్తుంది కాబట్టి ఒకే గుంతలో ఒక రోజు వయసువీ, ఐదు రోజులవీ కలిసి ఉండటం మామూలే.

దీన్నిబట్టి మందుకు మూడు పనులు పడతాయి: లోపల ఉన్నవాటిని బయటికి తేవాలి, అంచున ఉన్న గుడ్ల నుంచి రేపు దిగేవాటిని ఆపాలి, ఎల్లుండి వచ్చే ఈగ వల్ల మళ్ళీ పురుగు పట్టకుండా కాపాడాలి. మూడూ ఒక్కటే చేసే మందు వీటిలో లేదు. ఏది ఏ పనికో తెలియక కొంటే డబ్బూ పోతుంది, పశువూ పోతుంది.

టర్పెంటైన్ నూనెతో మొదలుపెడదాం. ఎక్కువగా వాడేది ఇదే, ఎక్కువగా తప్పుగా వాడేదీ ఇదే. దీని అసలు బలం పురుగు ఊపిరి మూసి ఊపిరాడకుండా చేయడం, ఘాటుకు దాన్ని పైకి రప్పించడం. అందుకే దీన్ని పుండులో గుమ్మరించకూడదు. గాజ్ గుడ్డను రెండు వేళ్ళ వెడల్పున పొడుగ్గా చించి నూనెలో ముంచి, బొట్లు కారకుండా గట్టిగా పిండి, ఫోర్సెప్స్‌తో (పొడుగు పట్టకారుతో) గుంత అడుగు దాకా మెల్లగా నింపాలి. గుడ్డ కొస బయట వేలాడాలి. పది పదిహేను నిమిషాలు చాలు. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ కనిపించదు. తర్వాత గుడ్డ ఉబ్బినట్టు కదులుతుంది, అంచు నుంచి ఒక్కొక్కటే తోక బయటపెడతాయి. అప్పుడు గుడ్డను ఒక్క గుంజుతో కాకుండా మెల్లగా తీయాలి, దాని మడతల్లో చిక్కుకున్నవి దానితోపాటే వస్తాయి. పైకొచ్చిన మిగతావాటిని ఫోర్సెప్స్‌తో ఏరాలి. అవసరమైతే ఇంకోసారి, అంతే. మూడోసారి కూడా పెట్టాలనిపిస్తే పక్కకు పోయిన సొరంగం ఏదో మిగిలిందని అర్థం. అక్కడ నూనె పనికిరాదు, చేతిపనే.

తప్పులు ఎక్కడ? నూనె పోసేస్తే బతికున్న కండ కాలి మొద్దుబారిపోతుంది, పురుగు పోయినా పుండు మానడానికి రోజులు పెరుగుతాయి. గుడ్డ లోపలే మరిచిపోతే దాని చుట్టూ చీము పడుతుంది, అందుకే ఎన్ని పెట్టామో లెక్క ఉండాలి. కంటి దగ్గర, పొదుగు చన్నుల మీద, మానం దగ్గర, చెవి లోపల వాడనే కూడదు. చెవిలో కర్ణభేరి పగిలి ఉంటే నూనె లోపలి చెవికి చేరి పశువు తల వాల్చేసి తిరగడం మొదలుపెడుతుంది. ఇంకో చిక్కు సీసాతోనే వస్తుంది. చెట్టు జిగురు నుంచి తీసే టర్పెంటైన్ వేరు, రంగుల్లో కలిపే మినరల్ టర్పెంటైన్ వేరు. రెండోది పెట్రోలియం సరుకు, పుండుకు దూరంగా ఉంచండి. కిరోసిన్, పెట్రోలు, ఫినాయిల్, వాడేసిన ఇంజను ఆయిలు, పొలం పురుగుమందులు కూడా అంతే. పచ్చి పుండు మందును స్పాంజిలా పీల్చుకుంటుంది, చేలో చల్లే మందు పుండులో పోస్తే పురుగుతోపాటు పశువూ పోవచ్చు.

మా లెక్కలో టర్పెంటైన్ పిలుపు మందు. లోపలున్నవాటిని బయటికి పిలుస్తుంది, బాగా పిలుస్తుంది. రేపటికి దాని ప్రభావం ఏమీ మిగలదు.

పొడి మందుల్లో పేరున్నది నెగాసంట్. అందులో 3 శాతం కౌమాఫోస్, 2 శాతం ప్రోపాక్సర్, 5 శాతం సల్ఫానిలమైడ్ ఉంటాయి. మొదటి రెండూ పురుగు నరాల మీద పనిచేసేవి, మూడోది సూక్ష్మజీవుల కోసం. ఈ పొడిని నిందించేవాళ్ళలో ఎక్కువమంది దాన్ని తడి గుంతలో పోసినవాళ్ళే. నెత్తుటి నీరు కారుతున్న గుంతలో పొడి వేస్తే పైన ముద్దకట్టి పెచ్చులా తయారవుతుంది, అడుగున పురుగుల దాకా దిగదు. పెచ్చు కింద అవి హాయిగా ఇంకా లోతుకు తవ్వుకుంటాయి. ఇదే పొడిని పురుగులు ఏరి, కడిగి, నీరు అద్దిన తర్వాత పలచగా చల్లితే, అంచు చుట్టూ రెండు మూడు వేళ్ళ మేర వెంట్రుకల మొదళ్ళకు కూడా పట్టిస్తే, గుడ్ల నుంచి దిగే పిల్లలు దాన్ని దాటి రాలేవు. రెండో పనికి ఇది మంచి మందు. మొదటి పనికి కాదు.

దీనితో జాగ్రత్త కూడా అంతే గట్టిగా చెప్పాలి. కౌమాఫోస్, ప్రోపాక్సర్ రెండూ ఒకే తరహా విషాలు, ఒకదానికొకటి తోడవుతాయి. పశువు పుండు నాకే చోట ఉంటే, లేత దూడ అయితే, అదే వారంలో పిడుదులకు ఇదే జాతి మందుతో కడిగి ఉంటే వాడొద్దు. నోట చొంగ ధారగా కారడం, కంటిపాప సూదిమొనలా చిన్నదవడం, కండరాలు అదరడం, పారుడు, ఊపిరి బరువెక్కడం కనిపిస్తే పొడి కడిగేసి వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు, ఆలస్యం చేయకూడదు. చల్లే మనిషికి చేతి తొడుగులూ ముక్కుకు గుడ్డా తప్పనిసరి. గాలి ఎదురుగా నిలబడి చల్లొద్దు.

డబ్బా స్ప్రేలలో రెండు జాతులున్నాయి, రంగు చూసి కొంటే మోసపోతాం. మొదటి జాతిలో పురుగుమందు ఉంటుంది: పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, కౌమాఫోస్, క్లోర్‌ఫెన్‌విన్‌ఫోస్ లాంటి పేర్లలో ఏదో ఒకటి లేబుల్ మీద కనిపిస్తుంది. రెండో జాతిలో వెండిరంగు అల్యూమినియం పొడి, ఏదో ఒక యాంటీసెప్టిక్ మాత్రమే. అది పుండుకు కవచం, పురుగుకు మందు కాదు. పురుగులున్న పుండు మీద వెండి స్ప్రే కొడితే జరిగే నష్టం మాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది. పైన మెరిసే పొర ఆరిపోతుంది, చూడ్డానికి చికిత్స అయిపోయినట్టే ఉంటుంది, కింద ఏం జరుగుతోందో మర్నాడు టార్చి వేసినా కనిపించదు. పొర కింద నుంచి పలచని ఎర్రనీరు కారుతుంటే, ఈగలు అక్కడే వాలుతుంటే, ఆ పొర తీసి చూడాల్సిందే. శుభ్రమైన పుండు మీద, చివరి పూతగా, వెండి స్ప్రేకి వంక పెట్టడానికేమీ లేదు.

పురుగుమందు స్ప్రే డబ్బాని బాగా ఊపి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం నుంచి అంచు చుట్టూ ముందు, గుంతలోకి తర్వాత కొట్టాలి. దగ్గరగా పెట్టి కొడితే వాయువు చలికి పుండు చురుక్కుమంటుంది, ఆ బుస్సుమనే చప్పుడుకి పశువు అదిరి తంతుంది. రెండోసారి దగ్గరికి కూడా రానివ్వదు. చెయ్యి అడ్డం పెట్టి ఒకసారి పక్కకు కొట్టి ఆ చప్పుడు అలవాటు చేయడం మంచిది. లోతు గుంతలకు స్ప్రే సరిపోదు, గాలిబుడగ అడ్డుపడి అడుగుకు చేరదు. గిట్టల మధ్య, కొమ్ము మొదలు, తోక మొదలు లాంటి పైపై పుండ్లకు మాత్రం పొడి కన్నా స్ప్రేయే నయం, తడి చోట కూడా అంటుకుంటుంది.

ఇక ఇంజెక్షన్. 1 శాతం ఐవర్‌మెక్టిన్ పశువుకు, గొర్రెకు 50 కిలోల బరువుకు 1 మిల్లీలీటరు, చర్మం కింద. పందికి మోతాదు ఎక్కువ, 33 కిలోలకు 1 మిల్లీలీటరు. దీనికి ఉన్న గొప్ప సుగుణం చోటు అక్కర్లేకపోవడం. నెత్తుటి దారిలో వెళ్తుంది కాబట్టి సొరంగం ఎన్ని మలుపులు తిరిగినా, కండ తింటున్న ప్రతి పురుగుకూ అందుతుంది. లేత పురుగుల మీద చాలా బలంగా, ముదురు పురుగుల మీద కొంత తక్కువగా పనిచేస్తుంది. అదీ గంటల్లో కాదు, ఒకటి రెండు రోజుల్లో. ఈ రెండు రోజులూ పెద్ద పురుగులు తింటూనే ఉంటాయి. చచ్చినవి కూడా లోపలే ఉండి కుళ్ళుతాయి. కాబట్టి ఇంజెక్షన్ ఇచ్చి పుండును ముట్టుకోకపోతే సగం పనే అయినట్టు.

బరువు అంచనాలో తప్పు చాలా మామూలు. కంటితో చూసి తక్కువ వేస్తే మోతాదు తగ్గుతుంది. ఛాతీ చుట్టుకొలత టేపుతో కొలవండి. కండలోకో నరంలోకో ఇవ్వకూడదు. పాలు మనుషులు తాగే పశువుకు ఐవర్‌మెక్టిన్ లేబుల్ సాధారణంగా ఒప్పుకోదు, మందు పాలలోకి వస్తుంది. మాంసానికీ ఆగాల్సిన రోజులు లేబుల్ మీద ఉంటాయి. మంద కాచే కుక్కకు అదే సీసాలోంచి వేయడం ప్రమాదం. కోలీ జాతి, దానితో కలిసిన జాతుల్లో కొన్ని కుక్కలకు మెదడులోకి ఈ మందును రానివ్వకుండా ఆపే జన్యువు పాడై ఉంటుంది. పశువుల మోతాదు వాటి ప్రాణం తీయొచ్చు. పేడలో మందు బయటికొచ్చి పేడపురుగుల పిల్లల్ని కూడా చంపుతుంది కాబట్టి పుండున్న పశువుకే వేయాలి, మందమొత్తానికి కాదు.

డోరామెక్టిన్ ఇదే కుటుంబం, ఎక్కువ రోజులు ఒంట్లో ఉంటుంది. కొమ్ము కోసినప్పుడు, విత్తులు తీసినప్పుడు, దూడ పుట్టగానే బొడ్డుకు పురుగు పట్టకుండా ముందు జాగ్రత్తగా దీనికే మా మొగ్గు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025లో స్క్రూవార్మ్ కోసం ఒక డోరామెక్టిన్ ఇంజెక్షన్‌కు షరతులతో అనుమతి ఇచ్చినప్పుడు 21 రోజుల వరకు మళ్ళీ పట్టకుండా కాపాడుతుందనే అంశం కూడా అందులో ఉంది. మూడో పనికి ఇంత గడువిచ్చే మందు పుండు మందుల్లో ఇంకోటి కనిపించదు.

ఇన్ని మందులు చెప్పాక కూడా, ఒక్కటే కొనగలిగితే ఏది కొనాలని ఎవరైనా అడిగితే మా జవాబు మందు కాదు: 20 సెంటీమీటర్ల పొడుగున్న, మొన మొద్దుగా ఉన్న ఆర్టరీ ఫోర్సెప్స్, 20 మిల్లీలీటర్ల సిరంజి, మంచి టార్చి. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు కలిపితే కడగడానికి సెలైన్ సిద్ధం. సూది తీసేసిన సిరంజితో గుంత అడుగు నుంచి పైకి తోసేలా కడగాలి. పెద్ద పుండుకు లీటరు మొత్తం పట్టినా ఆశ్చర్యం లేదు. పోవిడోన్ అయోడిన్ 10 శాతం సీసాలోది నేరుగా పోయకుండా ఒక పాలుకు తొమ్మిది పాళ్ళ సెలైన్ కలపండి, చిక్కగా పోస్తే కొత్త కండ దెబ్బతింటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురుగు చూసి పుండు శుభ్రమైందని సంతోషపడొద్దు. అది మంచి కణాల్నీ తింటుంది, లోతు గుంతలో ఆ వాయువుకు దారి దొరక్క నెత్తుట్లోకి చేరే ప్రమాదమూ ఉంది.

పురుగును నడుము దగ్గర పట్టి లాగితే తెగుతుంది, తల లోపలే ఉండిపోయి చీము పడుతుంది. తోక పైకొచ్చే దాకా ఆగి, వెడల్పుగా పట్టి, ఒక్క క్షణం అలాగే ఉంచి, అది కొక్కెం వదిలిన తర్వాత నిటారుగా తీయాలి. ఏరినవాటిని నేలమీద పడేయకండి. మనం చెప్పులేసి తొక్కే లోపే ముదురు పురుగు మట్టిలో దూరిపోతుంది, వారం తర్వాత ఈగై తిరిగొస్తుంది. మూతున్న డబ్బాలో మరిగే నీళ్ళో స్పిరిటో పోసి అందులో వేయాలి. అంచున గుడ్ల గుత్తి ఉంటే కత్తితో గీకి అదే డబ్బాలోకి.

నొప్పి సంగతి చాలామంది వదిలేస్తారు. లోతు పుండు ఏరడానికి పశువైద్యుడు లిగ్నోకైన్ లాంటి మొద్దుబార్చే మందు ఇస్తే పని సగం తేలిక. మేకకు మాత్రం లిగ్నోకైన్ కొలత దాటకూడదు. కిలోకు 5 మిల్లీగ్రాముల లోపు, అంటే 20 కిలోల మేకకు 2 శాతం మందు 5 మిల్లీలీటర్లకు మించకుండా. దాటితే వణుకు, మూర్ఛ. గుర్రానికి, గొర్రెకు, మేకకు ధనుర్వాతం టీకా సంగతి ఆ రోజే అడగండి.

తర్వాతి రోజుల్లో మందు కన్నా కన్ను ముఖ్యం. 24 గంటలకు, 48 గంటలకు తప్పకుండా టార్చి వేయాలి. మర్నాడు సన్నటి, బియ్యపు గింజకన్నా చిన్న పురుగులు కనిపిస్తే నిన్న గుడ్లు మిగిలాయని అర్థం, మందు పనిచేయలేదని కాదు. పెద్దవే కనిపిస్తే సొరంగం మిగిలింది. మూడో రోజుకు గుంత అడుగున ఎర్రటి గింజల్లాంటి కొత్త కండ, దుర్వాసన పోవడం, పశువు తోక విసరడం ఆపి మేత పట్టడం కనిపించాలి. మూతి కుట్టొద్దు, బిగించి కట్టు కట్టొద్దు, అడుగు నుంచి పూడాలి.

పుండు లేకుండా ఒంట్లో పెరిగే పురుగులు వేరే కథ. వాటికి పైపూత మందులు దాదాపు దండగ. గొర్రెల, మేకల ముక్కులో ఈస్ట్రస్ ఓవిస్ అనే ఈగ గుడ్లు పెట్టదు, ఎగురుతూనే పొదిగిన పిల్లల్ని ముక్కు దగ్గర చిమ్మి పోతుంది. అవి ముక్కు గదుల్లో, నుదుటి బోలు ఎముకల్లో 3 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. తుమ్ములు, చిక్కటి చీమిడి, ముక్కు నేలకు రుద్దడం లక్షణాలు. దీనికి ముక్కులో నూనెలు పోసే పద్ధతికి మేం సున్నా మార్కులు వేస్తాం, ఊపిరితిత్తుల్లోకి పోయి చంపుతుంది. 0.08 శాతం ఐవర్‌మెక్టిన్ తాగుడు మందు 10 కిలోలకు 2.5 మిల్లీలీటర్లు చక్కగా పనిచేస్తుంది. క్లోసాంటెల్ కిలోకు 10 మిల్లీగ్రాములు నోటి ద్వారా ఇచ్చినా పనిచేస్తుంది, పైగా చాలా రోజులు నెత్తుట్లో ఉంటుంది. కానీ మోతాదు రెండింతలైతే గొర్రె, మేక గుడ్డివైపోయే ప్రమాదం ఉంది, ఆ చూపు మళ్ళీ సరిగా రాదు. బరువు తూచలేని చోట క్లోసాంటెల్ జోలికి పోవద్దు.

పశువు వీపు మీద గడ్డలు కట్టే హైపోడెర్మా పురుగులకు మందు కన్నా నెల ముఖ్యం. కాళ్ళ వెంట్రుకలకు పెట్టిన గుడ్ల నుంచి పిల్ల చర్మంలోకి దూరి నెలల తరబడి ఒంట్లో ప్రయాణిస్తుంది. హైపోడెర్మా లినియేటం అన్నవాహిక గోడలో, హైపోడెర్మా బోవిస్ వెన్నెముక గొట్టంలోని కొవ్వులో మకాం వేసి, ఆ తర్వాతే వీపుకు చేరి ఊపిరి రంధ్రం చేసుకుంటుంది. అది మకాం వేసిన రోజుల్లో ఇంజెక్షన్ ఇస్తే పురుగు ఉన్న చోటే చస్తుంది. అన్నవాహిక వాచి కడుపు ఉబ్బుతుంది, లేదా వెనక కాళ్ళు పడిపోతాయి. మందు మంచిదే, వేళ తప్పింది. ఈగల కాలం ముగిసిన వెంటనే ఇవ్వడమే సరైన పద్ధతి. వీపు మీది గడ్డను నొక్కి పురుగును లోపలే చిదిమితే పశువు ఒక్కసారిగా ఊపిరాడక కూలిపోయే ప్రమాదం ఉంటుంది.

గుర్రాల కడుపులో అతుక్కునే గాస్ట్రోఫిలస్ అనే ఈగ పురుగులకు నోటి ద్వారా ఇచ్చే ఐవర్‌మెక్టిన్ పేస్టు చాలు. పశువుల ఇంజెక్షన్ గుర్రానికి వేయొద్దు.

గొర్రె ఊలు మీద లుసీలియా ఈగ కథలో మాత్రం ముందుగా వేసే మందే రాజు. డైసైక్లానిల్, సైరోమజైన్ రెండూ పురుగు పెరుగుదలను ఆపేవి, కొత్త చర్మం కట్టుకోనివ్వవు. ఈగను చంపవు, వాలడాన్నీ ఆపవు, పొదిగిన పిల్ల పెద్దది కాకుండా చేస్తాయి. అందువల్ల పురుగులు పట్టిన గొర్రె మీద చల్లి అద్భుతం జరగలేదని విసుక్కోవడం అన్యాయం. 5 శాతం డైసైక్లానిల్ లేబుల్ 18 నుంచి 24 వారాలు కాపాడుతుందంటుంది, 1.25 శాతం రకం 11 వారాలు. చల్లని చోటు కాపాడదు. వీపు మీద గీత గీసి తోక చుట్టూ వదిలేస్తే తోక దగ్గరే పురుగు పడుతుంది. ఆస్ట్రేలియాలో లుసీలియా కుప్రినా ఈ మందులకు లొంగకపోవడం కూడా నమోదైంది, కాబట్టి ఏటా అదే మందు వాడకుండా మార్చాలి.

మనం కొనలేని మందు ఒకటుంది, అన్నిటికన్నా గొప్పది అదే. స్క్రూవార్మ్ ఆడ ఈగ జన్మలో సాధారణంగా ఒక్కసారే జత కడుతుంది. అణుధార్మిక కిరణాలతో సంతానశక్తి పోగొట్టిన మగ ఈగల్ని వదిలితే, వాటితో జతకట్టిన ఆడది పెట్టే గుడ్లు పొదగవు. అమెరికా కీటక శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ నిప్లింగ్, రేమండ్ బుష్‌లాండ్ ఈ దారి వేశారు. 1954లో కరీబియన్ సముద్రంలోని క్యూరసావ్ దీవిలో అది గెలిచింది. 1988లో లిబియాలో అమెరికా రకం బయటపడినప్పుడు మెక్సికో నుంచి విమానాల్లో తెచ్చి, పని జోరు మీదున్న రోజుల్లో వారానికి 4 కోట్ల ఈగల్ని వదిలి తుడిచిపెట్టారు. కానీ కాపలా సడలితే తిరిగొస్తుంది. 2023లో పనామాలో పెరగడం మొదలై, 2024 నవంబరులో మెక్సికోలో మళ్ళీ కనిపించింది.

ఆ కాపలా మొదలయ్యేది పుండు ముందు ఫోర్సెప్స్ పట్టుకున్న మనిషి దగ్గరే. స్క్రూవార్మ్ ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ జాబితాలోని వ్యాధి. కాబట్టి లోతుగా, బతికున్న కండలో ఉన్న పురుగులు కనిపిస్తే అన్నీ పారేయకుండా గుంత అడుగు నుంచి తీసిన పెద్దవి ఐదారు ఉంచండి. మరుగుకు కాస్త తక్కువ వేడి నీళ్ళలో అర నిమిషం ముంచితే ముడుచుకోకుండా, నల్లబడకుండా నిటారుగా చస్తాయి. తర్వాత 70 నుంచి 80 శాతం ఆల్కహాలులో వేయాలి. ఫార్మాలిన్‌లో వేస్తే గట్టిపడి గుర్తించడం కష్టం. చీటీని పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయండి, సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. తేదీ, ఊరు, ఏ పశువు, ఒంట్లో ఏ చోటి పుండు, అంతకు ముందు ఏ మందు వాడారు. ఆ సీసా అదే రోజు పశువైద్యుడికి చేరాలి.